పిల్లల రాతకు మొదటి శ్రోత



ఈ శీర్షికలో పాఠం సాధారణంగా పిల్లల కోసం ఉంటుంది. ఈసారి పెద్దల కోసం రాస్తున్నాను. శుక్రవారం తరగతిలో తెలుగు చెప్పే మా బోటివాళ్ళం, ఇంట్లో హోంవర్కు చూసే అమ్మానాన్నలు, సెలవులకు వెళ్ళినప్పుడు కథలు చెప్పే తాతయ్యలు, అమ్మమ్మలు అందరం ఇందులో విద్యార్థులమే. ముందు నా తప్పుతోనే మొదలుపెడతాను.

కిందటి ఏడాది చలికాలంలో పిల్లల్ని షినాస్ మడ అడవి దగ్గరికి తీసుకెళ్ళాం. తిరిగి వచ్చాక చూసింది ఏదైనా పది వాక్యాల్లో రాయమన్నాను. తొమ్మిదేళ్ళ పాప ఒకతె ఒకటిన్నర పేజీ రాసింది. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: మా తాతయ్య పొలం నుంచి వచ్చి ఇంట్లోకి రాకముందు కాళ్ళు కడుక్కున్నట్టు, ఈ చెట్లు కూడా నీళ్ళలో నిలబడి కాళ్ళు కడుక్కుంటున్నాయి. కోనసీమలో తాతయ్యను, ఇక్కడి ఉప్పునీటి చెట్టును ఒకచోట నిలబెట్టింది ఆ పిల్ల. నేనేం చేశాను? ఎర్ర పెన్ను తీసి, ళ బదులు ల రాసిన చోట్లు, ణ బదులు న రాసిన చోట్లు, పోయిన ఒత్తులు, పొట్టిబడిన దీర్ఘాలు అన్నీ సున్నాలు చుట్టి, కింద 'పద్నాలుగు తప్పులు, జాగ్రత్త' అని రాసి ఇచ్చేశాను. చెట్ల కాళ్ళ గురించి ఒక్క మాట అనలేదు. చదివినప్పుడు నవ్వుకున్నాను, అంతే. ఆ నవ్వు ఆ పిల్లదాకా వెళ్ళలేదు. ఆ తర్వాత ఏది రాయమన్నా సరిగ్గా పది వాక్యాలు, ఒక్కో వాక్యంలో నాలుగు మాటలు, తప్పులు లేకుండా రాసి ఇచ్చేది. బాగుపడింది అనుకున్నాను. మూడు నెలల తర్వాత వాళ్ళమ్మ చెప్పింది, 'అది ఇంట్లో కథలు రాయడం మానేసిందండీ' అని.

అప్పటినుంచి ఒక విషయం చదువుతూ, ఆలోచిస్తూ వచ్చాను. మన తెలుగులో పెద్ద రచయితలైన వాళ్ళ చిన్ననాటి రాతను మొదట ఎవరు విన్నారు, విని ఏం చేశారు? చాలా చోట్ల ఒక పంతులుగారు కనిపిస్తారు.

అన్నిటికంటే గట్టి ఉదాహరణ బందరుది. బందరు హిందూ ఉన్నత పాఠశాలలో చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారు తెలుగు పండితులుగా పనిచేశారు. తిరుపతి వేంకట కవుల జంటలో ఆయన ఒకరు. మన వైపు ఏ ఊళ్ళో నాటకం వేసినా వినిపించే పాండవోద్యోగ విజయాల పద్యాలు ఆ జంటవే. అంతటి కవి ఒక బడిలో పిల్లలకు పాఠం చెప్పేవారంటే, ఆ పిల్లల అదృష్టం ఎలాంటిదో చూడండి. ఆ పిల్లల్లో విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు ఉన్నారు. ముగ్గురూ ఒకటి రెండేళ్ళ తేడాలో పుట్టినవారు, ముగ్గురూ కృష్ణా జిల్లా పల్లెటూళ్ళ నుంచి వచ్చినవారు. ఒకే తరంలో ఒకే పంతులుగారి చేతికింద ఇంతమంది ఎదగడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

ఆయన తరగతి గది గురించి శిష్యులు, వారి శిష్యులు చెప్పుకున్న మాటల సారం ఒకటే. ఆయన పద్యాన్ని ముందు చెవికి ఎక్కించేవారు. కమ్మగా చదివేవారు, ఒక పద్యం నుంచి మరో పద్యానికి, అక్కడినుంచి ఏదో ఊళ్ళో జరిగిన అవధానం ముచ్చటకు వెళ్ళిపోయేవారు. సిలబస్ ప్రకారం చూస్తే అది దారి తప్పడమే. కానీ పద్యం అనేది పరీక్షలో అర్థం రాసే వస్తువు కాదని, బతికున్న మనిషి నోటినుంచి వచ్చేదని, తమ నోటినుంచి కూడా రావచ్చని పిల్లలకు ఆ దారిలోనే తెలిసింది. రాసేవాడిని ఎదురుగా చూడటం కూడా ప్రోత్సాహమే. మనం పిల్లల్ని రాయమంటాం. మనం రాయడం వాళ్ళు ఎన్నిసార్లు చూశారు?

వెంకటశాస్త్రిగారికి ఆ గుణం ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూడాలి. ఆయన, దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు ఇద్దరూ చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి దగ్గర చదువుకున్నారు. మొదట్లో ఇద్దరికీ పోటీ ఉండేదని, వినాయక చవితి చందాల కోసం కలిసి తిరిగినప్పుడు ఒకరి సత్తా మరొకరికి తెలిసిందని చెప్పుకుంటారు. (చందాల పుస్తకం పట్టుకుని తిరిగిన మన కమిటీ సభ్యులకు ఈ ముచ్చట నచ్చుతుందని తెలుసు.) తర్వాత ఇద్దరిలో ఎవరు రాసినా ఇద్దరి పేరా వేసుకున్నారు. 1920లో తిరుపతిశాస్త్రిగారు పోయాక కూడా వెంకటశాస్త్రిగారు ఆ జంట పేరుతోనే రాస్తూ వచ్చారు. పక్కవాడి ప్రతిభను చూసి కుళ్ళుకోకుండా తనది చేసుకున్న మనిషి, తన శిష్యుల ప్రతిభను చూసి భయపడలేదు. ఇది చిన్న విషయం కాదు. తనకంటే బాగా రాయగల పిల్లవాడు ఎదురుగా కూర్చుంటే చాలామంది గురువులు తెలియకుండానే వాణ్ణి కొంచెం తగ్గిస్తారు.

మరో సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఈ శిష్యులెవరూ గురువుగారికి నకళ్ళు కాలేదు. వెంకటశాస్త్రిగారి పద్యం నీళ్ళలా పారుతుంది, వినగానే నాలుక మీద నిలుస్తుంది. విశ్వనాథవారి రామాయణ కల్పవృక్షం అలా కాదు, ఒక్కో పద్యం దగ్గర కూర్చుని కొబ్బరికాయలా పగలగొట్టుకోవాలి. ఆయనే మళ్ళీ కిన్నెరసాని పాటలు రాశారు, వేయిపడగలు అనే పెద్ద నవల రాశారు. పింగళి, కాటూరి కవులు గురువుగారిలాగే జంటగా సౌందరనందం రాసి ఆయనకే అంకితమిచ్చారు, కానీ ఆ కావ్యపు నడక వాళ్ళది. కాటూరివారు తర్వాత కృష్ణాపత్రిక నడిపారు, పింగళివారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులయ్యారు. నాలాగే రాయి అని ఆ గురువు చెప్పి ఉంటే ఇన్ని రకాలుగా వాళ్ళు పెరిగేవారా?

విశ్వనాథవారికి 1970 సంవత్సరపు జ్ఞానపీఠం వచ్చింది. తెలుగుకు అదే మొదటిది. ఆ కల్పవృక్షం అవతారికలోనే ఆయన తన గురువును తలచుకుంటూ ఒక పద్యం చెప్పారు. దాని సారం చెబితే మీరు నవ్వుతారు: నా అంతటి శిష్యుడు ఉన్న భోగం చెళ్ళపిళ్ళవారికి దక్కినట్టుగా నన్నయకూ దక్కలేదు, తిక్కనకూ దక్కలేదు అని. గురుభక్తి, అహంకారం ఒకే పద్యంలో ఇంత చక్కగా కలిసిన చోటు నాకు మరొకటి తెలియదు. కొందరికి ఇది పొగరుగా తోస్తుంది. నాకు మాత్రం, చిన్నప్పుడు ఎవరో 'నీవల్ల అవుతుంది' అని మనసారా నమ్మితే ఆ నమ్మకం చాలా ఏళ్ళ తర్వాత కూడా ఎంత గట్టిగా ఉంటుందో ఇందులో కనిపిస్తుంది.

బందరు నుంచి రాజమండ్రి వెళ్దాం. అదే కాలంలో అక్కడి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ప్రిన్సిపాలు. 1909 నుంచి 1919 దాకా రాజమండ్రిలో ఉన్నాడు. ఆయనకు రాతా వచ్చు, బొమ్మలూ వచ్చు. ఆయన చేరదీసిన కుర్రవాళ్ళలో అడవి బాపిరాజు, కవికొండల వెంకటరావు, చిత్రకారుడు దామెర్ల రామారావు ఉన్నారు. రామారావు చేతిలో ఏముందో గుర్తించి, బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్ళేలా అండగా నిలిచినవాడు ఈయనే. రామారావు 1925లో, ముప్పై ఏళ్ళు నిండకుండానే మశూచితో పోయారు. రాజమండ్రి వెళ్ళేవాళ్ళు ఆయన పేరున్న చిత్రశాలను చూడకుండా రావద్దు. ఆ రోజుల్లో ఒక ఇంగ్లీషు ప్రిన్సిపాలు పిల్లల్ని గుమాస్తాలుగా తయారుచేసి పంపితే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఈయన వాళ్ళ కళ్ళలోకి చూశాడు.

ఈ రెండు ఊళ్ళ కథలూ ఒకచోట కలుస్తాయి. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీ పెట్టింది. బహుమతిని రెండు నవలలకు పంచి ఇవ్వాల్సి వచ్చింది. ఒకటి విశ్వనాథవారి వేయిపడగలు, రెండోది బాపిరాజుగారి నారాయణరావు. బందరు పంతులుగారి శిష్యుడు ఒకరు, రాజమండ్రి దొరగారి శిష్యుడు ఒకరు. ఇద్దరూ 1895లో పుట్టినవారే. ఒక గురువు సంప్రదాయ పండితుడు, మరొకరు తెలుగువాడే కాదు. అంటే ప్రోత్సాహానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదన్నమాట. మనలో చాలామంది 'మాకే తెలుగు అంతంతమాత్రం, పిల్లలకేం చెబుతాం' అంటుంటారు. కూల్డ్రే దొరకంటే మనకు తెలుగు ఎక్కువే వచ్చు.

ఇక్కడ భాష గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో గొడవంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పిల్లవాడు కథ ఇంగ్లీషులో రాస్తే మనకు మనసు చిన్నబోతుంది. 'తెలుగులో రాయవేం?' అని అడుగుతాం, అక్కడితో ఆ కథ మూలపడుతుంది. గురజాడ అప్పారావుగారు మొదట రాసింది ఇంగ్లీషు పద్యాలే. 1883లో ఆయన సారంగధర అనే ఇంగ్లీషు కావ్యం అచ్చయింది. దాన్ని చదివి మెచ్చుకున్నవాళ్ళలో కలకత్తా పత్రిక రీస్ అండ్ రయ్యత్ సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ ఒకరు. ఆయన తన పత్రికలో ఆ కావ్యానికి చోటిచ్చాడు, తర్వాత మాతృభాషలో రాయమని సలహా కూడా ఇచ్చాడు. వరస గమనించండి. ముందు మెచ్చుకోలు, అచ్చు. ఆ తర్వాతే సలహా. వరస తిరగబడి ఉంటే కన్యాశుల్కం మనకు వచ్చేదో లేదో. కృష్ణశాస్త్రిగారి సంగతీ అంతే. పిఠాపురం బడిలో కూచి నరసింహంగారు, తర్వాత కాకినాడలో రఘుపతి వెంకటరత్నంనాయుడుగారు ఆయనకు రుచి చూపించింది ఆంగ్ల సాహిత్యం. బయటికి వచ్చింది మాత్రం తెలుగు భావకవిత్వం. రుచి ఒకసారి పుడితే అది తన భాషను తాను వెతుక్కుంటుంది.

మనం ఉంటున్న ఈ దేశంలోనే దీనికి దగ్గరి ఉదాహరణ ఉంది. 2019లో అంతర్జాతీయ బుకర్ బహుమతి అందుకున్న ఒమానీ రచయిత్రి జోఖా అల్‌హార్తీ సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయంలో అరబిక్ సాహిత్యం బోధిస్తారు. ఎడింబరోలో పరిశోధన చేస్తూ, రోజూ ఇంగ్లీషులో రాయాల్సి వచ్చిన రోజుల్లో తన భాష మీద బెంగతో ఆ నవల మొదలుపెట్టానని ఆవిడ చెప్పారు. ఇంటికి దూరంగా ఉండటం భాషను చంపుతుందని మనం భయపడతాం. కొందరిలో దాన్ని పుట్టించేది ఆ దూరమే.

సరే, మెచ్చుకోవడం మంచిదే. ఎలా మెచ్చుకోవాలి? 'సూపర్ రా కన్నా', 'నువ్వు జీనియస్' అని ఫోనులోంచి తల ఎత్తకుండా అనడం మనకు అలవాటు. క్లాడియా ముల్లర్, కేరల్ డ్వెక్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1998లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. అయిదో తరగతి పిల్లలకు కొన్ని చిక్కు ప్రశ్నలిచ్చి, కొందరిని 'తెలివైనవాడివి' అని, కొందరిని 'బాగా కష్టపడ్డావు' అని మెచ్చుకున్నారు. తెలివి పేరుతో మెచ్చుకోలు అందుకున్న పిల్లలు తర్వాత తేలికైన పనినే ఎక్కువగా ఎంచుకున్నారు, ఒకసారి ఓడిపోగానే త్వరగా నీరుగారిపోయారు. ఆ ప్రయోగం చిక్కుముళ్ళతో చేసింది, కథలతో కాదు. అయినా రాసే పిల్లల్లో నేను చూసింది దానికి దగ్గరగానే ఉంది. 'పెద్ద కవివి అయిపోతావు' అని ఊదరగొట్టిన పిల్లవాడు రెండో కవిత రాయడానికి భయపడతాడు. మొదటిదాని పేరు పోతుందేమోనని.

దానికంటే వాళ్ళు రాసింది వాళ్ళకే వినిపించేలా పైకి చదవడం మేలు. చెళ్ళపిళ్ళవారు చేసింది అదే. పెద్దవాళ్ళ గొంతులో తన వాక్యం విన్న పిల్లల మొహం ఒకసారి చూడండి. తర్వాత ఒక వాక్యం ఎంచి, ఇది నాకు ఎందుకు నచ్చిందో చెప్పాలి. ఆపైన నిజంగా తెలుసుకోవాలని ఒక ప్రశ్న అడగాలి. ఆ ఓడ ఎక్కడికి వెళ్ళింది? ఆ పిల్లికి పేరు లేదా? ప్రశ్న వస్తే ఎవరో నిజంగా చదివారని పిల్లలకు అర్థమవుతుంది. పొగడ్తతో ఆ నమ్మకం రాదు.

అలాగని తప్పులు దిద్దకూడదా అని అడుగుతారు. దిద్దాలి. ళకూ లకూ తేడా తెలియకపోతే రేపు కళకూ కలకూ తేడా పోతుంది. కానీ రాసిన రోజే దిద్దాలని లేదు, అన్నీ ఒకేసారి దిద్దాలనీ లేదు. ఈ వారం ఒత్తులు చూద్దాం, పై వారం దీర్ఘాలు. దిద్దేది విడి కాగితం మీద. పిల్లల నోటుబుక్కులో పెద్దల చేతిరాత ఎంత తక్కువ ఉంటే అంత మంచిదని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆ మాటకొస్తే, మన పత్రికకు పిల్లల పేరుతో వచ్చే వ్యాసాల్లో పెద్దల చేతిరాత ఎంత ఉంటుందో సంపాదకవర్గానికి తెలియనిది కాదు. ఏడేళ్ళ బాబు వ్యాసంలో 'నేటి ఆధునిక సమాజంలో' అనే మాట చూస్తే ఏమనాలి? ఆ బాబుకు మనం నేర్పింది ఒక్కటే, నీ మాట చాలదు అని.

ఇంకో కష్టం ఉంది. ఎనిమిదో తరగతి దాటగానే మన పిల్లల రాత ఆగిపోతుంది. బోర్డు పరీక్షలు, ప్రవేశ పరీక్షలు, ఇక్కడ చదవాలా ఇండియా పంపాలా అనే ఆలోచనలు. ఇంటి పరిస్థితి నాకు తెలుసు, తప్పు పట్టడం లేదు. ఈ సందర్భంలో ఆల్బర్ట్ కామూ గుర్తొస్తాడు. అల్జీర్స్‌లో పేద కుటుంబం. తండ్రి మొదటి ప్రపంచయుద్ధంలో పోయాడు, తల్లికి చదువు రాదు, చెవులు సరిగ్గా వినపడవు. ఇంటి పెత్తనం అమ్మమ్మది. పిల్లవాడు త్వరగా పనిలో చేరి నాలుగు డబ్బులు తేవాలని ఆవిడ పట్టుదల. లూయీ జెర్మెయిన్ అనే బడిపంతులు ఆ ఇంటికి వెళ్ళి ఆవిణ్ణి ఒప్పించి, తానే పాఠాలు చెప్పి, ఉపకార వేతనం పరీక్షకు కూర్చోబెట్టాడు. 1957లో నోబెల్ వచ్చినప్పుడు కామూ ముందు తన తల్లిని, తర్వాత ఆ పంతులుగారిని తలచుకున్నానని ఆయనకు ఉత్తరం రాశాడు. ఆ బహుమతి సందర్భపు ప్రసంగాలను ఆయనకే అంకితమిచ్చాడు. ఆ పంతులుగారు కథలు రాయడం నేర్పాడని కాదు. పిల్లవాడి తరఫున వాళ్ళింటి గడప ఎక్కాడు.

మన తరగతి కూడా గడప ఎక్కడం మొదలుపెట్టాలని నా ప్రతిపాదన. వచ్చే మూడు నెలలూ శుక్రవారం తరగతిలో చివరి పావుగంట ఎవరో ఒక పిల్లో పిల్లవాడో రాసింది పైకి చదవడానికి కేటాయిస్తున్నాం. తెలుగైనా సరే, ఇంగ్లీషైనా, రెండూ కలిసినా సరే. మార్కులు లేవు, బహుమతులు లేవు. వెనక కుర్చీల్లో తల్లిదండ్రులు కూర్చోవచ్చు, ఒక్కో ప్రశ్న అడగవచ్చు. ఫోన్లు తీయవద్దని మాత్రం మనవి. పెద్ద పిల్లల కోసం సమస్యాపూరణంలాంటి ఆట పెడుతున్నాం. పద్యంలో కాదు, మాటల్లోనే. చివరి వాక్యం మేం ఇస్తాం, దానికి ముందు జరిగిన కథ వాళ్ళు చెప్పాలి. పదో తరగతి పిల్లలకు వారానికి పావుగంట ఇవ్వగలరా అన్నది మీరే ఆలోచించండి.

ఆ పాప విషయం చెప్పి ముగిస్తాను. కిందటి నెల ఆ పాత కాగితం కావాలని వాళ్ళమ్మనడిగి తెప్పించుకున్నాను. ఎర్ర సున్నాలతో అది నిజంగానే మశూచి పట్టినట్టు ఉంది. ఆ ఒకటిన్నర పేజీ శుభ్రంగా తిరగరాసి, తరగతి అయ్యాక పాపను పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించాను. చెట్ల కాళ్ళ దగ్గర ఆగి, ఆ రోజు నేను ఇది సరిగ్గా చదవలేదమ్మా, తప్పు నాదే అన్నాను. ఏమీ మాట్లాడలేదు. మరి సముద్రం వెనక్కి పోయినప్పుడు వాటి కాళ్ళేమవుతాయి అని అడిగాను. చాలాసేపు కిటికీలోంచి చూసింది.

'బురదవుతాయి కదండీ. అప్పుడు మళ్ళీ కడుక్కోవాలి. అందుకే వాటికి ఇంట్లోకి వెళ్ళడం కుదరట్లేదు' అంది.

రాస్తావా అని అడిగితే తెలియదంది. ఇంకా రాయలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.